షేక్‌హ్యాండ్ తర్వాత ఏమిటి? కుక్కకు పెద్ద విద్యలు నేర్పే పద్ధతి

విశాఖలో ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఏదో ఒక అంతస్తులో కుక్క ఉంటుంది. కూర్చోమంటే కూర్చుంటుంది, చేయి చాపితే షేక్‌హ్యాండ్ ఇస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడు ఈ రెండూ చేయించి, ‘మావాడికి అన్నీ అర్థమవుతాయండీ’ అని ఇంటివాళ్లు మురిసిపోతారు. చదువు అక్కడితో సరి. ఎక్కడో ఒక కుక్క బొమ్మలన్నీ ఏరి బుట్టలో వేస్తుంటే ఫోనులో చూసి, అది జాతికుక్క కాబట్టి చేసిందనో, వెనుక పెద్ద శిక్షకుడు ఉన్నాడనో అనుకుంటాం. మా ఇంట్లో ఉన్నది ఎంవీపీ కాలనీ వీధిలో పుట్టిన దేశవాళీ కుక్క. పేరు గవ్వ. బొమ్మలు సర్దుతుంది, దండం పెడుతుంది, పేరు చెప్పిన వస్తువు తెస్తుంది.

పెద్ద విద్య అంటూ విడిగా ఏదీ లేదు. ముక్కుతో తాకడం, చెప్పిన చోట పాదం పెట్టడం, వెనక్కి నడవడం, నోట పట్టుకుని ఉండడం: ఈ నాలుగూ గట్టిపడితే మిగిలినవి చాలావరకు వీటి కలయికలే. కాకపోతే ఈ నాలుగింటినీ కుక్క తానే కనిపెట్టాలి. నడుం మీద నొక్కి కూర్చోబెట్టిన కుక్క మన చేయి ఎప్పుడు పడుతుందా అని చూస్తుంది. తానుగా కూర్చుని తాయిలం సంపాదించుకున్న కుక్క ‘ఇంకేం చేస్తే పెడతావు?’ అన్నట్టు చూస్తుంది. ఆ రెండో చూపు వచ్చాకే ముందుకు వెళ్లడం. పిలిస్తే రాని కుక్కకు, చేతిలోది లాక్కునే కుక్కకు ముందు ఆ సంగతి చూడండి. ఈ వ్యాసం అది దాటినవాళ్లకు.

ముందు ఒళ్లు చూసుకోవాలి

కుక్కపిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల పొరలు ఉంటాయి. అవి మూసుకుపోయేదాకా దూకించడం, వెనుక కాళ్ల మీద నిలబెట్టడం వద్దు. చిన్న జాతుల్లో ఏడాదిలోపే ఆ దశ దాటుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి వాటికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఈ రెండు జాతులకూ తుంటి కీలు సరిగా అమరని జబ్బు ఎక్కువ కాబట్టి, పెద్దయ్యాక కూడా పశువైద్యుడికి ఒకసారి చూపించాకే గెంతులు. పొడుగు నడుము, పొట్టి కాళ్ల డాక్సుండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్కు దెబ్బతినే ముప్పు ఉంది. దానికి నేల మీద చేసే విద్యలు చాలు, నిలబడేవి ఏ వయసులోనూ వద్దు. తిన్న వెంటనే దొర్లించడం ఏ కుక్కకూ మంచిది కాదు, ముఖ్యంగా లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు. వాటిలో కడుపు ఉబ్బి మెలితిరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది మన ఊరి ఉక్కపోత. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చినప్పుడు ఆవిరయ్యే తడే దాని ఒంటిని చల్లబరుస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. అందుకే ఎండ పెద్దగా లేని రోజున కూడా సముద్రపు ఊళ్లో కుక్క త్వరగా అలసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే వడదెబ్బే. నాలుక వెడల్పయి బాగా ఎర్రబడినా, చొంగ చిక్కగా కారినా పాఠం ఆపేసి, నీడకు తెచ్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను కింద ఉంచి వైద్యుడికి ఫోను చేయండి. ముక్కు చట్టిగా ఉండే పగ్, షిట్జూల విషయంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పాఠాలన్నీ ఇంట్లోనే.

మూడోది నేల. ఇప్పటి ఇళ్లన్నీ నున్నటి టైల్సు. కాలు జారిన కుక్క ఆ విద్యనే అనుమానిస్తుంది. యోగా చాప ఒకటి పరవండి. కొద్దిరోజులకు ఆ చాప పరిస్తే చాలు, బడి గంట కొట్టారని దానికి తెలిసిపోతుంది.

తాయిలం, దానికి ముందు ఒక శబ్దం

తాయిలం శనగగింజను మించకూడదు. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు తెల్లసొన, పనీరు, ముల్లు తీసిన తాజా చేప బాగుంటాయి. పూర్ణా మార్కెట్‌లో దొరికే ఎండు నెత్తళ్ల వాసనకు కుక్కలు పడి చస్తాయి గానీ వాటిలో ఉప్పు ఎక్కువ, రోజూ పెట్టే వస్తువు కాదు. ఎండుద్రాక్ష, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం. చక్కెర బదులు జైలిటాల్ వాడిన బిళ్లలు, చూయింగ్ గమ్ములు కూడా అంతే. పాఠంలో పెట్టినంతా రాత్రి గిన్నెలోంచి తగ్గించాలి. పెరుగన్నం తగ్గించడానికి అమ్మకు మనసొప్పదు, ఆ మాట ముందే మాట్లాడుకోండి.

ఇక శబ్దం. కుక్క సరైన పని చేసిన క్షణానికీ మన చేయి దాని నోటికి చేరే క్షణానికీ మధ్య ఒకటి రెండు సెకన్లు పోతాయి. ఆలోపు అది తల తిప్పుతుంది, లేస్తుంది, మొరుగుతుంది. తాయిలం ఏ పనికి దక్కిందో దానికి తేలదు. ఆ ఖాళీని పూడ్చేందుకే క్లిక్కర్, అంటే నొక్కితే టక్కుమనే చిన్న పరికరం. అది దొరకకపోతే ఎప్పుడూ ఒకే స్వరంలో పలికే పొట్టి మాట. మేం ‘భేష్’ అంటాం. శబ్దంతో క్షణాన్ని గుర్తుపట్టించి తర్వాత తిండి పెట్టవచ్చని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951లోనే మామూలు పాఠకుల కోసం రాశాడు. తర్వాత డాల్ఫిన్ల శిక్షకులు ఈల వాడారు. నీళ్లలో ఉన్న జంతువుకు తాడు కట్టి లాగలేరు కదా.

మొదట కుక్క లేకుండా మీరు సాధన చేయండి. ఇంట్లో ఎవరినైనా బంతి ఎగరేయమని, అది నేలను తాకిన క్షణానే క్లిక్ కొట్టండి. చాలామందికి మొదట ఆలస్యమే అవుతుంది. చేయి కుదిరాక కుక్క దగ్గరికి వెళ్లి, ఏమీ అడగకుండా క్లిక్, తాయిలం, క్లిక్, తాయిలం అని కొంతసేపు చేయండి. శబ్దం వినగానే తల గిరుక్కున మీవైపు తిరిగితే దానికి అర్థమైనట్టే. రెండు కట్టుబాట్లు: శబ్దం చేశాక తాయిలం తప్పకుండా దక్కాలి, పొరపాటున చేసినా సరే. శబ్దం అయ్యేదాకా చేయి తాయిలం సంచివైపు కదలకూడదు. కదిలితే కుక్క చెవులతో కాకుండా మీ భుజాన్ని చూసి నేర్చుకుంటుంది.

పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. పది ప్రయత్నాల్లో ఎనిమిదైనా సరిగ్గా వస్తేనే మెట్టు ఎక్కించండి. సగం తప్పుతుంటే ఒక మెట్టు దిగండి. అరవడం ఎక్కడా లేదు. తప్పు చేస్తే జరిగేదల్లా ఏమీ జరగకపోవడమే.

నాలుగు పునాదులు

ముక్కుతో తాకడం అన్నిటికన్నా తేలిక. అరచేతిని కుక్క ముక్కుకు బెత్తెడు దూరంలో చాపండి. వాసన చూడటానికి వస్తుంది. ముక్కు తగలగానే భేష్. అది ఖాయమయ్యాక అరచేతిలో ప్లాస్టిక్ డబ్బా మూత పట్టుకోండి. తర్వాత మూతను గోడకు, అక్కడినుంచి అల్మారా తలుపుకు అంటించండి. అల్మారా తలుపు మూయడం, గంట మోగించడం, స్విచ్చు నొక్కడం అన్నీ ఇందులోంచి పుట్టేవే. స్విచ్చు మాత్రం కరెంటు లేని బొమ్మ స్విచ్చుతోనే.

పాదం పెట్టడానికి నేల మీద పీట వేయండి. ముందు కాళ్లు రెండూ పీట మీద ఉండగా మీరు దాని చుట్టూ మెల్లగా నడిస్తే, వెనుక కాళ్లు మీవైపు జరుగుతాయి. ఆ ఒక్క అడుగుకే భేష్. చాలా కుక్కలకు తమకు వెనుక కాళ్లున్న సంగతే పట్టదు. పీట మీద గుండ్రంగా తిరగడం వస్తే ఆ కాళ్ల మీద అదుపు వస్తుంది.

వెనక్కి నడవడానికి సోఫాకూ గోడకూ మధ్య సందు చాలు. కుక్కను లోపలికి రానిచ్చి ఎదురుగా నిలబడి, అది ఒక్క కాలు వెనక్కి వేయగానే శబ్దం చేసి, తాయిలాన్ని దాని ముందు కాళ్ల మధ్యకు, కొంచెం వెనక్కి పడేలా విసరండి. అది తినడానికే ఇంకో అడుగు వెనక్కి వేస్తుంది. తాయిలం ఎక్కడ పడుతుందో విద్య అటే సాగుతుంది. ఈ సంగతి యజమానులకు తెలియకే చాలా కుక్కలు పడుకోమన్న ప్రతిసారీ లేచి ముందుకు వస్తాయి.

నాలుగోది, నోట పట్టుకుని ఉండడం. దీనికి తొందర పనికిరాదు. బంతి విసిరితే తెచ్చే కుక్కకు ఇది వచ్చేసిందనుకుంటారు. కాదు. అది వేట సరదా, దాని ఇష్టం. చెప్పినంతసేపు, నమలకుండా, ఇష్టంలేని వస్తువునైనా పట్టుకుని ఉండడం వేరు. పాత నూలు తువ్వాలును బొటనవేలి మందాన గట్టిగా చుట్టి, రెండు కొసలూ దారంతో కుట్టేయండి. రబ్బరు బ్యాండు వద్దు, మింగుతుంది. దాన్ని కుక్క మూతి ముందు అడ్డంగా పట్టుకోండి. వాసన చూస్తే భేష్. పెదవి తగిలితే భేష్. ఇవి తడుముకోకుండా వచ్చాక ఊరికే పట్టుకుని ఉండండి. ముక్కుతో పొడిచినా శబ్దం చేయకండి. కుక్క మీ ముఖం చూస్తుంది, మళ్లీ పొడుస్తుంది, విసుక్కుని నోరు తెరిచి ఒకసారి కొరుకుతుంది. పళ్లు బట్టను అందుకున్న ఆ క్షణమే కావాలి. అప్పుడు శబ్దం చేసి, తాయిలాలు వరసగా మూడు నాలుగు పెట్టండి.

తర్వాత పళ్లు మూసుకుని ఉన్న సమయాన్ని వెంట్రుకవాసి చొప్పున పెంచుతూ పోవాలి. ఈ దశలో బట్ట కొస మీ చేతిలోనే ఉండనివ్వండి. దవడ కదలకుండా ఉన్నప్పుడే శబ్దం. కుక్క బట్టను వదిలేస్తుండగా శబ్దం చేస్తే మీరు ఉమ్మేయడం నేర్పినట్టు. నమలడం మొదలుపెడితే సమయం మరీ పెంచేశారన్నమాట, వెనక్కి రండి. మీ చేయి వదిలేసినా అది పట్టుకుని ఉండగలిగాక, నోట ఉంచుకునే ఒక అడుగు, తర్వాత రెండు. ‘విడు’ నేర్పేటప్పుడు అరచేతిని దాని గడ్డం కింద దోసిలిలా పెట్టండి. బట్ట తర్వాత చెక్క, ప్లాస్టిక్, చివరికి స్టీలు గరిటె. లోహం పంటికి తగలడం ఎక్కువ కుక్కలకు గిట్టదు. గరిటె పట్టుకున్న కుక్క ఇక దేన్నైనా పట్టుకుంటుంది.

బొమ్మలు బుట్టలోకి: వెనుక నుంచి ముందుకు

ఈ విద్యలో బొమ్మ వెతకడం, పట్టుకోవడం, నడవడం, బుట్ట పైకి తల తేవడం, వదలడం అని అయిదు పనులున్నాయి. మొదటి పనితో మొదలుపెడితే కుక్క ప్రతిసారీ తెలిసిన చోటినుంచి తెలియని చోటికి పోవాలి. చివరి పనితో మొదలుపెడితే ప్రతిసారీ బాగా తెలిసిన, ఎక్కువ తాయిలాలు దొరికిన చోటికే చేరుతుంది. పద్యం మొదటి పాదం ఒక్కటే గట్టిగా వచ్చి చివరికి నసిగే పిల్లలు మనకు తెలిసినవాళ్లే. కుక్కను అలా తయారుచేయకూడదు.

వెడల్పాటి, ఎత్తు తక్కువ ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. నీలం రంగయితే మంచిది. కుక్కలకు నీలం, పసుపు బాగా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు.

1. టబ్బు ముందు కూర్చోండి. కుక్క నోటికి బొమ్మ అందించి, దాని గడ్డం టబ్బు మీదుగా ఉన్నప్పుడు ‘విడు’ అనండి. బొమ్మ టబ్బులో పడిన చప్పుడు కాగానే భేష్.
2. ‘విడు’ అనడం కొంచెం ఆలస్యం చేస్తూ పోండి. కొన్నాళ్లకు అది మీ మాట కోసం ఆగకుండా తానే వదులుతుంది. టబ్బులో పడితేనే శబ్దం.
3. బొమ్మను టబ్బుకు అడుగు దూరంలో అందించండి. ఇప్పుడు దానికి మొదటిసారి ‘తీసుకెళ్లడం’ అవసరమవుతుంది. చాలా కుక్కలు తికమకపడేది ఇక్కడే. బొమ్మ బయట పడితే మాట్లాడకండి, వంగకండి. బొమ్మనూ టబ్బునూ మిమ్మల్నీ మార్చి మార్చి చూసి, కాసేపటికి మళ్లీ నోట కరుచుకుంటుంది.
4. బొమ్మను చేతికివ్వడం మానేసి టబ్బు పక్కన నేల మీద పెట్టండి. రోజులు గడిచేకొద్దీ దూరం జరపండి.
5. రెండు బొమ్మలు పెట్టి, రెండోది పడ్డాకే తాయిలం. తర్వాత మూడు, నాలుగు. ఇక్కడ ‘సర్దు’ అన్న మాట జత చేయండి.

ఒక సరదా ప్రమాదం ఉంది. తెలివైన కుక్క టబ్బులోంచి బొమ్మ తీసి మళ్లీ వేసి చేయి చాపినట్టు కూర్చుంటుంది. గవ్వ ఈ వ్యాపారంలో ఆరితేరింది. గది మొత్తం ఖాళీ అయ్యాకే లెక్క తేల్చండి, తేల్చాక టబ్బుకు మూత పెట్టండి.

దండం పెట్టించడం

ఇంటికి వచ్చినవాళ్లు అన్నిటికన్నా మెచ్చుకునేది ఇదే, నిజానికి తేలికైనదీ ఇదే. కుక్క కూర్చుని ఉండగా మీ ముంజేతిని దాని రొమ్ముకు కొంచెం పైన అడ్డంగా పెట్టండి. షేక్‌హ్యాండ్ వచ్చిన కుక్క ఒక పాదం వేస్తుంది. భేష్. రెండో పాదం కూడా వేసినప్పుడే ఇక శబ్దం. రెండూ ఆనించి నిలకడగా ఉన్నాక, మరో చేత్తో తాయిలాన్ని ముంజేతి కింద, పాదాల మధ్యకు తెండి. తల వంచి అందుకుంటుంది. కొన్నిసార్లయ్యాక ఆ చేయి ఖాళీగా ఉంచి, తల వంచాక శబ్దం చేసి రెండో చేతినుంచి పెట్టండి. ఎర చూపి చేయించడాన్ని త్వరగా మానకపోతే చేతిలో తిండి కనిపిస్తేనే కుక్క పనిచేస్తుంది. తర్వాత ముంజేతి బదులు కుర్చీ అంచు, సోఫా చెయ్యి. నడుం నొప్పి ఉన్న కుక్కలకు, డాక్సుండ్‌కు ఇది వద్దని మళ్లీ చెప్పనక్కర్లేదు.

మాట చివరికి

పని ఇంకా వంకరగా ఉన్నప్పుడే దానికి పేరు పెట్టడం అందరూ చేసేదే. ‘సర్దు సర్దు సర్దు’ అని అరుస్తుంటే, ఆ మాట కుక్క చెవికి ఫ్యాను చప్పుడుతో సమానమవుతుంది. పని చక్కగా వస్తున్నప్పుడు, అది మొదలుపెట్టబోయే క్షణానికి ముందు మాట చెప్పండి. చేతి సైగ తెలిసిన విద్యకు మాట జతచేయాలంటే వరస ఇది: మాట ముందు, ఒక క్షణం ఆగి సైగ, తర్వాత తాయిలం. రెండూ ఒకేసారి వస్తే కుక్క సైగనే చూస్తుంది, మాట దానికి పట్టదు.

మాటలు ఎంచుకునేటప్పుడు తోక కలవకుండా చూడండి. కూర్చో, పడుకో, పట్టుకో మూడూ ఒకేలా ముగుస్తాయి. అందుకే మా ఇంట్లో కూర్చో, పడక, పట్టు, విడు, సర్దు, దండం. ఇంట్లో పిల్లలు ఒకటి, తాతయ్య ఇంకొకటి అంటే చెడేది కుక్కే. మాటల జాబితా ఫ్రిజ్ మీద అంటించండి.

గది దాటి బీచ్ దాకా

హాల్లో వచ్చిన విద్య వరండాలో రాకపోతే మొండితనం అనుకోవద్దు. కుక్కకు చోటు కూడా పాఠంలో భాగమే. చోటు మారిన ప్రతిసారీ రెండు మెట్లు దిగి మొదలుపెట్టండి. హాలు, వరండా, లిఫ్టు ముందు, కింద పార్కింగ్, ఆ తర్వాతే వీధి.

బీచ్ చివరి పరీక్ష. సాయంత్రం కురుసుర జలాంతర్గామి దగ్గర జనం, గుర్రాలు, బుడగలు, మురీ మిక్చర్ బండ్లు. అంత సందడిలో పాఠం చెప్పడం మన మొండితనం. బీచ్ రోడ్డు మీద వాహనాలు లేని తెల్లవారుజామున వెళ్లండి. మొదటిరోజు అలల నుంచి దూరంగా గట్టు మీదే. అలల హోరులో క్లిక్కర్ సరిగా వినిపించకపోవచ్చు కాబట్టి నోటిమాటనో ఈలనో అలవాటు చేసి ఉంచండి. తాడు విప్పొద్దు. వీధికుక్కల గుంపులు తమ హద్దులు కాచుకుంటాయి, సముద్రం కూడా ఇక్కడ నెమ్మదైనది కాదు. ఇసుకలో పారేసిన మొక్కజొన్న కండెల మీద ఒక కన్నుండాలి. వాటిని మింగిన కుక్కకు పేగు అడ్డుపడి ఆపరేషన్ దాకా పోవచ్చు. ఉప్పునీళ్లు తాగకుండా ఇంటినుంచి మంచినీళ్లు తీసుకెళ్లండి. జనవరి మొదలు వేసవి తొలినాళ్ల దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో చీకటివేళ కుక్కను ఇసుకలోకి తీసుకెళ్లడమే వద్దు, తవ్వడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

దీపావళి వారంలో, తుపాను గాలుల రోజుల్లో పాఠాలు మానేయండి. భయపడిన కుక్క తాయిలం కూడా ముట్టదు.

అట్టపెట్టెతో ఆట

ఇంతవరకు ఏం చేయాలో మనం నిర్ణయించాం. ఇప్పుడు కుక్కనే అడుగుదాం. ఖాళీ అట్టపెట్టె ఒకటి, పిన్నులూ టేపూ పీకేసి గది మధ్యలో పెట్టి కూర్చోండి. మాటలేదు, సైగలేదు. పెట్టె వైపు చూసినా భేష్. దగ్గరికి వెళ్లినా, ముక్కు తగిలినా, కాలు వేసినా భేష్. తప్పంటూ ఏదీ లేదు. దెబ్బలు, తిట్లు తిని పెరిగిన కుక్కలు ఈ ఆటలో మొదట రాయిలా కూర్చుంటాయి. వాటికి చెవి కదిపినా తాయిలమే.

కుక్కకు జోరు వచ్చాక నియమం మార్చండి: ఒకసారి చేసింది రెండోసారి చేస్తే తాయిలం లేదు, కొత్తదయితేనే. హవాయిలోని సీ లైఫ్ పార్కులో 1960లలో డాల్ఫిన్ల శిక్షకురాలు కేరెన్ ప్రయర్ బృందం మలియా అనే ఆడ డాల్ఫిన్‌తో చేసింది ఇదే. అంతకుముందు ప్రదర్శనల్లో చేయని పనులకే చేప ఇచ్చారు. మొదట అది పాతవే తిప్పి తిప్పి చేసింది. తర్వాత ఒక్కసారిగా ఎవరూ నేర్పని విన్యాసాలు వరసగా బయటపెట్టింది. హో అనే మరో డాల్ఫిన్‌తోనూ చేసి చూసి 1969లో ఆ ఫలితాలు ప్రచురించారు.

కుక్క దగ్గరా ఇలాగే జరుగుతుంది. పాత పనికి తాయిలం రాకపోతే మొదట అదే పనిని ఇంకా గట్టిగా చేస్తుంది. మొరుగుతుంది, పెట్టెను గోళ్లతో గీరుతుంది. అక్కడ మనం కరిగిపోకూడదు, మరీ సాగదీయనూ కూడదు. అదేపనిగా ఆవలించడం, పెదవులు నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం మొదలైతే అది అలిసింది. తేలికైనది ఒకటి చేయించి తాయిలం పెట్టి ముగించండి. అంతా బాగుంటే పెట్టెలో కూర్చుంటుంది, తలకిందులు చేస్తుంది, నెత్తిన పెట్టుకుంటుంది. వాటిలో మీకు నచ్చినదాన్ని పట్టుకుని పేరు పెట్టేయండి. గవ్వ పెట్టెలో దూరి తల మాత్రం బయటపెట్టడం ఇలా దొరికిందే. అది నేను ఊహించి నేర్పగలిగేది కాదు.

పేర్లు, ఆ తర్వాత ‘నాలాగే’

వస్తువుల పేర్లు నేర్పడానికి ముందు ఒకే వస్తువు, కాలి చెప్పు అనుకుందాం. ‘చెప్పు’ అని దాన్నే తెప్పించండి. రెండో వస్తువును పక్కన పెట్టి ‘చెప్పు’ అనండి, తర్వాత రెండోదాన్ని విడిగా నేర్పి, అప్పుడు రెండింటినీ కలపండి. మీ కళ్లు సరైన వస్తువు వైపు పోతే కుక్క కళ్లనే చదువుతుంది, కాబట్టి వస్తువులు పక్క గదిలో ఉంచి మీరు ఇక్కడినుంచే అడగండి. అమెరికాలో చేసర్ అనే బోర్డర్ కాలీ జాతి కుక్కకు దాని యజమాని, మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు జాన్ పిల్లీ మూడేళ్లలో 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. ఆ వివరాలు 2011లో వచ్చాయి. మనకు చెప్పు, పేపరు, రిమోట్ వస్తే చాలు. రిమోట్ అయితే తడి తుడుచుకోవడానికి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

చివరిది, మనల్ని చూసి చేయడం. బుడాపెస్ట్‌లోని యోత్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు క్లాడియా ఫుగాట్జా, ఆడమ్ మిక్లోషి దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2016లో వచ్చిన వాళ్ల ప్రయోగంలో, చేయమంటారని ముందు తెలియకుండా చూసిన పనిని కుక్కలు గంట తర్వాత అడిగినా చేయగలిగాయి, అన్నీ అన్నిసార్లూ కాకపోయినా.

ఇంట్లో చేయాలంటే, మాట వింటేనే తడుముకోకుండా వచ్చే విద్యలు మూడు ఎంచుకోండి: గుండ్రంగా తిరగడం, పీట ఎక్కడం, గంట మోగించడం అనుకుందాం. కుక్కను ఎదురుగా ఆపి ‘చూడు’ అని, మీరు గుండ్రంగా తిరగండి. తిరిగి మీ చోటికి వచ్చి ‘నాలాగే’ అని, వెంటనే దాని పాత మాట ‘తిరుగు’ అనండి. మూడింటితోనూ ఇలాగే. క్రమంగా ‘నాలాగే’కూ పాత మాటకూ మధ్య ఎడం పెంచండి. ఒకరోజు మీరు పాత మాట అనకముందే అది కదులుతుంది. మూడింటినీ కలగలిపి అడిగినా తప్పకపోతే, ఇంతవరకు నేర్పనిది చూపండి, ముక్కాలి పీటను తోయడం లాంటిది. దాని ఒంటికి వీలయ్యేదే చూపాలి. మీరు చేత్తో తోస్తే అది ముక్కుతో తోయవచ్చు, పాదంతో తోయవచ్చు, రెండూ సరైనవే. పీట కదిలితే తాయిలం ఇవ్వండి. కదలక ఊరికే తాకినా మొదటి రోజుల్లో ఇవ్వండి. తెలిసిన మూడింటిలో ఒకటి చేసేసి మీవైపు చూస్తే మాట్లాడకుండా మళ్లీ ‘చూడు’ అని, ఇంకొంచెం నెమ్మదిగా చేసి చూపండి.